అచ్చు ముందు, వీరుడు తర్వాత: సూపర్‌హీరో బొమ్మల్లో ఏ పాత్ర చేయాలో ఎలా తేల్చుకోవాలి

హన్మకొండ చౌరస్తా వైపు బొమ్మల దుకాణాల్లో స్పైడర్‌మ్యాన్ ఎప్పుడు చూసినా నాలుగైదు రకాలుగా వేలాడుతుంటాడు. ఎర్రనీలం ఒకటి, నల్లది ఒకటి, వీపున ఇనుప కాళ్లున్నది ఇంకొకటి. అదే కథల్లోంచి ఒక పక్కపాత్రను అడగండి, ఉండదు. సేకరించేవాళ్లు దీన్ని కంపెనీల నిర్లక్ష్యం కింద జమకడుతుంటారు. కానీ ఆ ఎంపిక వెనుక గట్టి లెక్క ఉంది. అది వీరుడి బలం దగ్గరో కథ గొప్పదనం దగ్గరో మొదలవదు, అచ్చు దగ్గర మొదలవుతుంది. ఒక అచ్చుకు డబ్బు పెడితే అందులోంచి ఎంతమంది వీరులు బయటికొస్తారన్నది మొదటి ప్రశ్న. వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో చిన్న వర్క్‌షాప్ పెట్టి సొంతంగా రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) బొమ్మలు చేసి అమ్మాలనుకునేవాళ్లకు పెద్ద కంపెనీల ఈ లెక్క తెలియాలి. తర్వాత దాన్ని మన చేతి కొలతకు కుదించుకోవాలి.

ఒక ఒళ్లు, పది తలలు

1972లో అమెరికాలోని మెగో కంపెనీ 8 అంగుళాల సూపర్‌హీరో బొమ్మలు తెచ్చింది. లోపలి ఒళ్లు దాదాపు అందరికీ ఒకటే. తల మారేది, కుట్టిన బట్టలు మారేవి. ఇన్నేళ్లయినా ఆ సూత్రం చెక్కుచెదరలేదు. 2002లో టాయ్ బిజ్ మొదలుపెట్టి, 2007 నుంచి హాస్‌బ్రో చేతిలో నడుస్తున్న మార్వెల్ లెజెండ్స్ వరుసను వరసగా పెట్టి చూడండి. సన్నది, మధ్యరకం, దిట్టమైనది, ఆడ ఒళ్లు అంటూ కొన్ని మూల శరీరాలే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. ఒంటికి అంటుకునే దుస్తుల వీరుడైతే ఆ పాత ఒంటికే వేరే రంగు, కొత్త తల, అవసరమైతే ఒక జత చేతులు చాలు. ఒంటినిండా కవచం, వేలాడే బెల్టులు, బొచ్చు కోటు ఉన్నవాడైతే ఉక్కు అచ్చు కొత్తగా కోయించాలి. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పోసే ఆ ఉక్కు అచ్చు లక్షల రూపాయల పని. కీళ్లు పెరిగితే ముక్కలు పెరుగుతాయి, ముక్కలు పెరిగితే అచ్చులో గదులు పెరుగుతాయి.

స్పైడర్‌మ్యాన్ అన్ని రకాలుగా రావడానికి కారణం ఇదే. అతనికి అభిమానులున్నారన్నది నిజమే, కానీ దుస్తులు మారినా ఒళ్లు మారదన్నది అంతకంటే పెద్ద సంగతి. ఐరన్‌మ్యాన్ సంగతి ఇంకా లాభం. ముఖం ఇనుప ముసుగులో ఉంటుంది కాబట్టి నటుడి పోలిక కుదరలేదన్న గొడవ లేదు, కవచం రంగు మారిస్తే అది కథలోనే ఇంకో కవచం. ఫంకో 2010లో తెచ్చిన పెద్ద తల బొమ్మలు ఈ లెక్కను చివరిదాకా తీసుకెళ్లాయి. కీళ్లు దాదాపు లేవు, ఆకారం ఒకే మూసలో ఉంటుంది, అచ్చు ఖర్చు తక్కువ. అందుకే ఎవరికీ పట్టని చిన్న పాత్రను కూడా వాళ్లు ధైర్యంగా చేయగలరు. ఒక పాత్రకు ఎంతమంది అభిమానులు కావాలన్నది ఆ పాత్రను చేయడానికయ్యే ఖర్చే చెబుతుంది.

భారీ ఒళ్లున్న పాత్రల దగ్గర చిక్కొస్తుంది. ఎత్తు రెట్టింపైతే పదార్థం ఎనిమిది రెట్లవుతుంది. 15 సెంటీమీటర్ల బొమ్మకు 100 గ్రాములు పడితే, అదే రూపం 30 సెంటీమీటర్లకు గట్టిగా పోస్తే 800 గ్రాములు. పైగా ఆ ఒళ్లు ఇంకెవరికీ పనికిరాదు. టాయ్ బిజ్ దీనికి మంచి ఉపాయం కనిపెట్టింది. 2005లో గెలాక్టస్ అనే మహాకాయుణ్ణి ముక్కలు చేసి, ఆ విడతలోని ఒక్కో బొమ్మ పెట్టెలో ఒక్కో ముక్క పెట్టింది. అన్నీ కొంటేనే అతను నిలబడతాడు. మహాకాయుడి ఖర్చు మిగతావాళ్లు మోస్తారు, ఎవరూ అడగని బొమ్మ కూడా కాలు కోసమో చెయ్యి కోసమో అమ్ముడుపోతుంది.

విడత ఎలా కూరుస్తారు

బొమ్మలు ఒక్కొక్కటిగా రావు, విడతగా వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది పాత్రలు ఒక కార్టన్‌లో సర్ది దుకాణానికి పంపుతారు. అందులో ఒకరో ఇద్దరో ఇంట్లో అమ్మమ్మ కూడా గుర్తుపట్టే వీరులుంటారు. ఒక ప్రతినాయకుడు, రాబోయే సినిమాలోని వేషం ఒకటి, ఏళ్లుగా అభిమానులు అడుగుతున్న పాత్ర ఒకటి, పాత అచ్చుకు కొత్త రంగు వేసిన బొమ్మ ఒకటి ఉంటాయి. ఏళ్లుగా అడుగుతున్న పాత్ర వల్ల వార్త పుడుతుంది, అమ్మమ్మ గుర్తుపట్టే పాత్ర వల్ల డబ్బు వస్తుంది, రంగు మార్చిన బొమ్మ వల్ల ఆ రెండింటి ఖర్చు తగ్గుతుంది.

కార్టన్‌లో ఎవరు ఎన్ని అన్నది పాత్ర ఎంపికంత ముఖ్యం. ఒకే వీరుణ్ణి రెండేసి పెట్టిన కార్టన్లు మూడు వస్తే, దుకాణంలో కొక్కేలన్నీ అతనితో నిండిపోతాయి. పాతది కదలందే యజమాని కొత్త విడత తెప్పించడు. మంచి పాత్రలున్న తర్వాతి విడత ఆ ఊరికి రాకుండానే పోతుంది. ఇంకో పక్క ఆడ పాత్రలు అమ్ముడుపోవన్న పాత నమ్మకంతో కార్టన్‌కు ఒక్కటే పెడితే, అది మొదటి రోజే మాయమై తర్వాత రెట్టింపు ధరకు తిరుగుతుంది. సరుకు లేక అమ్మకపోవడాన్ని కొనేవాళ్లు లేకపోవడంగా లెక్కేసుకోవడం ఈ వ్యాపారంలో పాత తప్పు. మీ చిన్న లెక్కల్లో కూడా అది చొరబడుతుంది, జాగ్రత్తగా ఉండండి.

ఇక అనుమతుల సంగతి. పాత్ర హక్కులున్న సంస్థ ఒకే కంపెనీకి అంతా రాసివ్వదు. కొలతను బట్టి, ధరను బట్టి, దేశాన్ని బట్టి విడగొట్టి ఇస్తుంది. 2020లో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ లాంటి డీసీ కామిక్స్ పాత్రలను 7 అంగుళాల్లో చేసే పని మెక్‌ఫార్లేన్ టాయ్స్‌కు దక్కడం, 30 సెంటీమీటర్ల ఎత్తులో అచ్చం నటుడి పోలికతో హాంకాంగ్‌లోని హాట్ టాయ్స్ చేయడం ఇలా కుదిరినవే. పాత్ర హక్కు వేరు, నటుడి ముఖం హక్కు వేరు. గీత, శిల్పం, రంగు, పెట్టె ప్రతి దశలోనూ హక్కుదారు ఒప్పుకోవాలి. సినిమా బొమ్మల ఎంపిక విడుదలకు ఏడాది, ఏడాదిన్నర ముందే అయిపోతుంది. అప్పటికి తెర మీది వేషం ఇంకా ఖాయం కాదు, చిత్రకారుడు గీసిన నమూనానే ఆధారం. బొమ్మ చేతిలో ఉన్న ఆయుధం సినిమాలో ఎక్కడా కనిపించకపోవడానికి కారణం అదే.

గిరాకీని మాటలతో కాక డబ్బుతో కొలిచే పద్ధతి కూడా వచ్చింది. హాస్‌బ్రో తన హాస్‌ల్యాబ్‌లో ముందస్తు బుకింగ్ పెట్టి, అనుకున్నంతమంది చేరితేనే బొమ్మ చేస్తుంది. 2020లో సెంటినెల్ అనే భారీ రోబోకు 6,000 మంది చాలనుకుంటే 21,000 దాటారు. 2021లో గెలాక్టస్‌కు 14,000 లక్ష్యం పెడితే 30,000 దాటారు. 2022లో గోస్ట్ రైడర్ కారుకు 9,000 లక్ష్యం పెట్టారు, అది చేరలేదు, బొమ్మ రాలేదు. మూడూ ఖరీదైనవే. మొదటి రెండూ అల్మారాలో ఉన్న వీరులందరికీ ఎదురు నిలిచే శత్రువులు. మూడోది ఒక్క వీరుడికి ఉపయోగపడే వాహనం. మా అంచనాలో తేడా అక్కడే ఉంది. కొత్తగా వచ్చే బొమ్మ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఎన్ని బొమ్మలకు తోడవుతుందో అడగాలి.

మన చేతిలో ఏ పాత్రలున్నాయి

వర్క్‌షాప్ పెట్టగానే చాలామందికి మొదట తట్టేది స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్. అనుమతి లేకుండా చేసి అమ్మడం నేరం. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంటాయి. "అభిమాని చేసిన బొమ్మ" అని చీటీ అంటించినంత మాత్రాన రక్షణ లేదు. 1938 నాటి సూపర్‌మ్యాన్ తొలి కథ 2034లో అమెరికాలో అందరి సొత్తవుతుంది కదా అని ఎదురుచూసేవాళ్లున్నారు. అప్పుడు కూడా ఆ తొలి రూపమే స్వేచ్ఛగా వాడుకోవచ్చు. తర్వాత చేరిన రూపురేఖలు, ఛాతీ మీది గుర్తుకున్న ట్రేడ్‌మార్క్ అలాగే ఉంటాయి.

మిగిలిన దారి సొంత పాత్రలు. ఈ నేల మీద వాటికి కొదవలేదు. వరంగల్ కోటలో రుద్రమదేవి రాయగజకేసరి బిరుదుకు రూపం కట్టిన శిల్పాలున్నాయి. సింహం మీద కూర్చున్న యోధురాలు, చేతిలో కత్తి, డాలు. రుద్రమదేవి చరిత్రలోని పాలకురాలు, ఆమె రూపానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే ఆమె మీద వచ్చిన సినిమాలోని నగలు, కవచం, కిరీటం ఆ సినిమావాళ్లవి. కాబట్టి ఆధారం శిల్పమే కావాలి. కోటకూ 1213 నాటి రామప్ప గుడికీ వెళ్లి తలకట్టు, నడుము పట్టీ, చెప్పుల దాకా ఫోటోలు తీసుకోండి. రామప్ప గుడిలోని మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు, నిలబడే తీరు కూడా చూడండి. బరువంతా ఒక కాలి మీద వేసి నడుమొంచిన ఆ భంగిమను రెజిన్‌లో పోస్తే చీలమండ దగ్గర విరుగుతుంది. శిల్పి అక్కడ రాతిని వెనుక నుంచి ఎలా ఆనించాడో గమనిస్తే మీ బొమ్మ ఎలా నిలబెట్టాలో తెలుస్తుంది.

ఒక హద్దు మాత్రం పెట్టుకోవాలి. సమ్మక్క సారలమ్మలను బొమ్మలుగా చేసి సూపర్‌హీరో వరుసలో పెట్టొద్దు. మేడారం గద్దెల మీద విగ్రహం ఉండదు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తల్లి వస్తుంది. విగ్రహమే లేని ఆరాధనకు మనం ముఖం గీసి, కీళ్లు పెట్టి, ధర అంటించడం ఆ భక్తిని నొప్పించడమే. కొమురం భీమ్ లాంటి ఉద్యమ వీరుల్ని కూడా పిల్లలు చెయ్యి తిప్పి ఆడుకునే బొమ్మగా కాక, పీఠం మీద నిలిచిన ప్రతిమగా చేయడం మేలు.

పాత్రల గుంపును ఎలా కూర్చాలో నేర్చుకోవడానికి మన పక్కనే మంచి పాఠం ఉంది. మందహెచ్చులవాళ్లు కాటమరాజు కథ చెప్పేటప్పుడు ఒక్కో బొమ్మ తీసి ముందు నిలబెడతారు. వీరుడొక్కడే ఉండడు. ఎదుటివాడు, ఆడవాళ్లు, గుర్రం అందరూ ఉంటారు. ఒక బొమ్మ లేకపోతే ఒక ఘట్టం ఆగిపోతుంది. చేర్యాల నకాషీ కళాకారుల చేతి నుంచి వచ్చిన ఆ కట్ట ఒక పూర్తి విడత లాంటిది. మీ పాత్రలూ ఒకరి అవసరం ఒకరికి ఉండేలా కూర్చుకోండి.

పట్టీ రాసి కొట్టేయడం

ముందు 30 పాత్రలు రాయండి. పేరు, రెండు వాక్యాల కథ, ఒంటి రకం, చేతిలో ఏముంటుంది, ఎన్ని రంగులు. అంతకన్నా వద్దు. ఇంకెవరి పాత్రకైనా మరీ దగ్గరగా ఉన్నవాటిని మొదట కొట్టేయండి. దీనికి మొహమాటం పనికిరాదు.

తర్వాత నీడ పరీక్ష. ఒక్కో పాత్రను ఏ4 కాగితం మీద ముఖం, రంగు లేకుండా నల్లని ఆకారంగా ప్రింటు తీయండి. పేరున్న పాత్రలైతే కంపెనీలు "ఇది ఎవరు" అని అడుగుతాయి. మీ పాత్ర ఎవరికీ తెలియదు కాబట్టి ఆ ప్రశ్న పనిచేయదు. 20 మందికి ఒక్కో నీడ మూడు సెకన్లు చూపించండి, పది నిమిషాల తర్వాత గుర్తున్నవి కాగితం మీద గీయమనండి. గీత బాగుండక్కర్లేదు. సింహం జూలు, వంకీ కత్తి, భుజం మీద గొంగడి లాంటి గుర్తు ఏదైనా 12 మంది కాగితాల్లో కనిపిస్తే ఆ పాత్ర నిలిచినట్టు. కాలేజీ పిల్లల్నే కాక, కొనేది చాలాసార్లు తల్లిదండ్రులు కాబట్టి పెద్దవాళ్లను కూడా సగం చేర్చండి. స్నేహితులను అడగొద్దు, వాళ్లకు మీ పాత్రల కథ ముందే తెలుసు.

మిగిలిన పన్నెండు, పదిహేను పాత్రలను ఒంటి రకాల కింద మూడు గళ్లలో రాయండి. ఏ గడిలో నాలుగు, అంతకంటే ఎక్కువ పేర్లు చేరాయో ఆ ఒళ్లే మీ మొదటి ఒళ్లు. మీకు ఎంతో ఇష్టమైన పాత్ర ఒక్కటే ఒక గడిలో ఒంటరిగా ఉంటే, దాన్ని రెండో విడతకు వాయిదా వేయండి. బాధగానే ఉంటుంది, అయినా వేయండి. ఎందుకో ఈ లెక్కలో చూడండి. అంకెలు ఊహకు వేసినవి, మీ ధరలు పెట్టుకుని తిరిగి వేసుకోండి.

కంప్యూటర్లో శిల్పం చెక్కడానికి 15,000, అచ్చు తీయడానికి ఆధారమయ్యే మూలబొమ్మ ప్రింటుకూ నునుపు పనికీ 4,000 అనుకుందాం. నాలుగు పాత్రలకు నాలుగు వేరే ఒళ్లయితే 76,000. ఒకే ఒంటికి మిగతా ముగ్గురి తల, చేతులు, ఆయుధం మాత్రం కొత్తగా చేస్తే ఒక్కొక్కరికి 6,500 చొప్పున మొత్తం 38,500. ఒక్కో పాత్ర 60 చొప్పున 240 బొమ్మలు పోస్తే, మొదటి దారిలో బొమ్మకు 317 రూపాయలు, రెండో దారిలో 160 పడుతుంది. దీనికి రెజిన్ 110, సిలికాన్ అచ్చు 3,500 పెట్టి 30 పోతలు తీస్తే బొమ్మకు 117, రంగు పని గంటకు 120 చొప్పున రెండున్నర గంటలకు 300, పెట్టె 60 కలపండి. వేరే ఒళ్లయితే 904, ఉమ్మడి ఒళ్లయితే 747. పెట్టె మీద 1,499 వేసి దుకాణదారుకు 35 శాతం వదిలితే మీ చేతికి 974. పన్ను పక్కన పెడితే మొదటి దారిలో బొమ్మకు 70 మిగులుతుంది, రెండో దారిలో 227. పోతలో పదింట ఒకటి పాడవడం మామూలే. ఆ నష్టం కూడా కలిపితే 70 రూపాయల దారిలో దాదాపు ఏమీ మిగలదు.

ఇదే లెక్కలో రంగు పని రెండున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరిగిందనుకోండి. 240 రూపాయలు అదనం, ఉమ్మడి ఒళ్లు కూడా నష్టంలోకి జారుతుంది. అందుకే రంగులు లెక్కపెట్టండి. ఒక్కో రంగుకు పక్కవాటిని కప్పాలి, చల్లాలి, ఆరబెట్టాలి. రంగు కలిపిన రెజిన్‌తోనే ఒళ్లంతా పోసి, పైన నాలుగు రంగులతో ముగిసే దుస్తులు మొదటి విడతకు సరిపోతాయి. ఏడు దాటితే దుస్తుల గీతకే తిరిగి వెళ్లండి. పైన సన్న జరీ అంచు ఉంటే బాగుంటుందని అనిపిస్తుంది. అంచును చెక్కడంలోనే ఎత్తుగా పెడితే పొడి బ్రష్‌తో ఒక్కసారి రాస్తే చాలు, చేత్తో గీయక్కర్లేదు.

ఎండ, వాన, కొరియర్

ఓరుగల్లు ఎండకు పాత్ర ఎంపికతో ఏం పని అనిపించవచ్చు. చాలా ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో మూసిన వ్యాన్‌లో పెట్టె అంతకంటే వేడెక్కుతుంది. రెజిన్ మెత్తబడి, రెండు సన్న చీలమండల మీద నిలబడ్డ బొమ్మ ముందుకో పక్కకో వాలుతుంది, చల్లారాక అలాగే బిగుసుకుపోతుంది. కాబట్టి మొదటి విడతలో నేలను తాకే అంగవస్త్రమో, నిలువు డాలో, తోక ఉన్న జంతువో మూడో ఆసరాగా ఉన్న పాత్రలకు ముందు చోటివ్వండి. ఒంటికాలి మీద ఎగిరే భంగిమ ఫోటోలో అందంగా ఉంటుంది, జూన్‌లో తిరిగి మీ దగ్గరికే వస్తుంది. కాళ్లలో 2 మిల్లీమీటర్ల సైకిల్ స్పోక్ ముక్క పోత పోసేటప్పుడే నిలిపితే వాలడం చాలావరకు తగ్గుతుంది. బల్లెం లాంటి పొడుగాటి సన్న ఆయుధానికీ లోపల స్పోక్ ఉండాలి, లేదా విడిగా పెట్టెలో పెట్టాలి.

వానాకాలంలో ఇంకో బాధ. పాలీయూరిథేన్ రెజిన్ గాలిలో తేమను పీల్చి నురగ కడుతుంది, బొమ్మ ముఖం మీద సూది రంధ్రాలు పడతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా పోత తప్పనిసరైతే తెరిచిన డబ్బా మూత వెంటనే బిగించాలి, చిన్న డబ్బాల్లోనే కొనాలి. ముఖం ముసుగులో ఉన్న పాత్రకు ఇలాంటి రంధ్రాలు పూడ్చడం తేలిక, చెంపలు నునుపుగా ఉండాల్సిన ముఖానికి కష్టం. మూలబొమ్మ రెజిన్ ప్రింటర్‌లో తీసినదైతే కడిగి, అతినీలలోహిత కాంతిలో పూర్తిగా గట్టిపరచకుండా ప్లాటినం సిలికాన్ పోయొద్దు. అంటుకున్న చోట సిలికాన్ గట్టిపడక జిగురుగా మిగిలిపోతుంది, గంధకం కలిసిన బంకమట్టి తగిలినా అంతే. టిన్ సిలికాన్‌కు ఈ పేచీ లేదు, కానీ కాలం గడిచేకొద్దీ ముడుచుకుంటుంది.

కీళ్ల సంగతి కూడా ఇక్కడే. రెజిన్ మీద రెజిన్ రాసుకుంటే రంగు లేస్తుంది. ఉక్కు అచ్చు, ప్లాస్టిక్ లేని వర్క్‌షాప్ ముప్పై కీళ్ల బొమ్మతో పోటీపడొద్దు. మెడ, రెండు మణికట్లు తీసి మార్చుకునేలా 5 మిల్లీమీటర్ల అయస్కాంతాలు పెడితే చాలు, ఒకే ఒంటికి పది తలలన్న సూత్రం కొన్నవాళ్ల చేతిలో కూడా పనిచేస్తుంది. అయితే అయస్కాంతాలు ఊడి చిన్న పిల్లలు రెండు మింగితే పేగులకు ప్రాణాపాయం. బిగువుగా ఎపాక్సీ జిగురు వేయండి, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో హెచ్చరిక రాయండి.

2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలన్నిటికీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తివారి సరుకుకూ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవారి సరుకుకూ మినహాయింపు ఉంది. చేర్యాల, నిర్మల్ కళాకారులకు ఇది వర్తించే అవకాశం ఉంది, మీ రెజిన్ బొమ్మకు దానంతటదే రాదు. పెద్దవాళ్ల సేకరణ బొమ్మ అని రాసి, రూపం మాత్రం పిల్లలు పరుగెత్తుకొచ్చేలా చేస్తే ఆ మాట నిలవదు. పాత్రల పట్టీ ఖాయం చేసేముందే, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బిఐఎస్ కార్యాలయానికి నమూనా బొమ్మ ఫోటోలతో రాసి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. మరొకటి, శిల్పం ఫోటోలు బయట పెట్టకముందే డిజైన్ నమోదుకు దరఖాస్తు చేయండి. నమోదు చేయని డిజైన్‌తో 50కి మించి వస్తువులు తయారైతే దాని మీది కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. నమోదైతే పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు రక్షణ ఉంటుంది.

మొదటి విడత

నాలుగు పాత్రలు చాలు. మధ్యలో నిలిచే వీరుడో వీరవనితో ఒకరు, అదే ఒంటితో తోడు ఒకరు, ఎదురు నిలిచేవాడు ఒకడు, ఒక సైనికుడు. ఈ నలుగురిలో మా ఓటు సైనికుడికే. పేరులేని కాకతీయ కాలిబంటు, డాలు, పొట్టి కత్తి, మార్చుకునే మూడు తలలు. వీరుణ్ణి ఎవరైనా ఒక్కటే కొంటారు, సైనికుణ్ణి అదే మనిషి మూడు కొంటాడు. ఒళ్లు ఉమ్మడిది, రంగులు మూడే. పెంబర్తి కళాకారులతో చిన్న ఇత్తడి డాలు కొట్టించి కొన్ని పెట్టెల్లో పెడితే అది వేరే ధర పలికే రకమవుతుంది. కొత్త అచ్చు ఖర్చు లేదు.

240 బొమ్మలను సమానంగా పంచొద్దు. వీరుడు 80, సైనికుడు 80, ఎదురువాడు 50, తోడు 30 చొప్పున మొదలుపెట్టండి. అంతకంటే ముందు మూలబొమ్మలకు రంగులు వేసి ఫోటోలు చూపించి 21 రోజుల బుకింగ్ పెట్టండి, ధరలో 30 శాతం అడ్వాన్సుగా తీసుకోండి. మెచ్చుకోళ్లు లెక్కలోకి రావు, అడ్వాన్సు కట్టినవాళ్లే లెక్క. ఒక పాత్రకు 20 బుకింగులు కూడా రాకపోతే ఆ పాత్రకు అచ్చు పోయకుండా డబ్బు తిరిగిచ్చేయండి. వచ్చిన బుకింగుల నిష్పత్తిలోనే పైన చెప్పిన అంకెలు మార్చుకోండి.

దసరాకు సరుకు దుకాణాల్లో ఉండాలంటే పాత్రల పట్టీ ఉగాదికే తేలాలి. శిల్పానికి ఏప్రిల్, మూలబొమ్మకూ బుకింగ్‌కూ మే, వానలు పట్టకముందే అచ్చులు, మొదటి పోతలు. రంగు పనికి ఆగస్టు, సెప్టెంబరు పోతాయి. మిగిలిన సరుకుకు జనవరి 1న మొదలయ్యే హైదరాబాద్ నుమాయిష్ ఉంటుంది, సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర ఉంటుంది. జాతరలో 1,499 రూపాయల బొమ్మ కదలదు. అక్కడికి అదే సైనికుణ్ణి 8 సెంటీమీటర్లకు కుదించి, ఒకే ముక్కగా పోసి, రెండు రంగులతో తీసుకెళ్లాలి. అది పిల్లల చేతికి వెళ్లే బొమ్మ కాబట్టి ఐఎస్ఐ గుర్తు లేకుండా పెట్టొద్దు.

అమ్మేటప్పుడు ఒక నోటు పుస్తకంలో రెండు వరసలు రాయండి. ఒకదాంట్లో అమ్మినవి, ఇంకోదాంట్లో అడిగితే లేవన్నవి. రెండో విడత ఎంపికకు రెండో వరసే ఆధారం. సిలికాన్ అచ్చు చిరిగిపోయే వేళకు ఒక పాత్రకు కొత్త బుకింగులు పదికి తగ్గాయంటే దానికి మళ్లీ అచ్చు పోయకండి. మూలబొమ్మకు మాత్రం ఎండ తగలని చోట, పేరూ తేదీ రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచండి. ఆ ఒళ్లు ఇంకో తలకు పనికొస్తుంది.